బెర్తు కింద కదిలిన సంచి

పెళ్లయిన కొత్తలో నేను, మావారు పుదుచ్చేరి ప్రయాణం పెట్టుకున్నాం. సముద్రం కనిపించే గది దొరికింది కానీ, దగ్గర్లో హలాల్ హోటల్ ఉందో లేదో తేలలేదు. ఆ మాట ఫోన్లో అమ్మీతో అనేశాను. ఆవిడ రేపల్లె నుంచి తెనాలి స్టేషన్‌కి వచ్చి, మా బెర్తు కిందకి ఓ గుడ్డ సంచి తోసి, "అల్లుడుగారికి. తర్వాత చూసుకోండి" అంది.

బాపట్ల దాటగానే ఆ సంచి కదిలింది! పామే అనుకుని కెవ్వున అరిచాను. బోగీ అంతా లేచింది. మావారు మూతి విప్పితే, కాళ్లు కట్టేసిన నాటుకోడి తల బయటపెట్టింది.

వెంటనే అమ్మీకి ఫోన్ చేశాను.

"అక్కడ హలాల్ దొరక్కపోతే? ఆయనే బిస్మిల్లా అని కోసుకుంటారులేవే!" అంది.

ఆయనకి కోడిని పట్టుకోవడమే భయం. ఇప్పటికీ సంచి కదిలితే కాళ్లు పైకి లాక్కుంటాను. ఇక సముద్రపు ఒడ్డున దిగిన ఫొటోలంటారా, అన్నిట్లోనూ మా ఇద్దరి మధ్య ఆ కోడే ఉంది.