గోల్కొండ కింద మా అత్తమ్మ చప్పట్లు

పొద్దున పాలు కాస్తుంటే కరీంనగర్ నుంచి మా వదినె ఫోన్ చేసింది. మా ఆయనకు అక్క. "ఆదివారం అస్తున్నం పిల్లా. ఈపాలి మా యారాలోళ్ళు గూడ అస్తరు. చార్మినార్ జూపియ్యాలె, గోల్కొండ జూపియ్యాలె" అంది. వదినె, అన్నయ్య కాక ఆమె తోటికోడలి కుటుంబం కూడా అన్నమాట. ఆ లెక్క వేసుకునేలోపే పాలు పొంగి స్టవ్వు మీద పడ్డాయి. ఛత్రినాకలో ఇల్లుంటే అంతే. చుట్టాలు మనల్ని చూడటానికి రారు. మన ఇంట్లో స్నానం చేసి చార్మినార్ చూడటానికి వస్తారు. వాళ్ళు ఆటో దిగేసరికి మా ఆయన గేదెల కొట్టంలోకి దూరిపోతాడు. గైడు పని నాది. లాడ్‌బజార్‌లో ఒక పూటంతా గాజులు, మ్యూజియంలో గడియారంలోంచి బొమ్మ బయటికొచ్చి గంట కొట్టేదాకా మెడలు సాచి నిలబడటం. నా ముఖం ఈపాటికి ఆ బొమ్మకు గుర్తుండే ఉంటుంది. అన్నీ అయ్యాక, కాళ్ళలో శక్తి అయిపోయాక, గోల్కొండ.

గోల్కొండలో మా ఇంటికొక పద్ధతి ఉంది. కింద దర్వాజా కమాను దగ్గర చప్పట్లు కొడితే పైన కొండ కొసన వినిపిస్తాయి కదా, ఆ కొట్టే పని మా అత్తమ్మది. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేదు కాబట్టి కిందే ఆగుతుంది. పైకి చేరాక నేను ఫోన్ చేస్తాను. ఆమె ఎత్తదు. రింగయితే కొట్టాలి, అదీ ఏర్పాటు. "ఎత్తి మాట్లాడుకుంట కూసుంటే చేతులు ఖాళీ ఉంటయా?" అంటుంది. కింద ఎంతమంది కొడుతున్నా ఆమె చప్పట్లు నేను గుర్తుపడతాను. పిడకలు కొట్టి కొట్టి గట్టిపడిన చేతులు. బర్రెను అదిలించినట్టు మూడే దెబ్బలు.

పోయిన ఎండాకాలం వదినె, అన్నయ్య వచ్చినప్పుడు కూడా అట్లాగే ఎక్కాం. పైన గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకుంటుంటే ఫోన్‌లో నా డిగ్రీ రిజల్టు వచ్చింది. పాస్. రెండుసార్లు మూసి తెరిచినా పాసే. పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ నాకంటే ముందు డిగ్రీ చేసినవాళ్ళు లేరు. ఇంటర్ కాగానే పెళ్ళయి, పిల్లలు పెద్దయ్యాక దూరవిద్యలో చేరతానంటే వదినె "పిల్లల సదివియ్యక నువ్వు సదువుతవా?" అని నవ్వింది. అత్తమ్మ మాత్రం పరీక్షల రోజుల్లో నేను లేచేసరికి నా వంతు గేదెల పాలు కూడా పిండేసి ఉండేది. ఎకనామిక్స్ తప్పినప్పుడల్లా "మల్ల రాయి బిడ్డా, బర్లు యాడికి పోవు" అనేది. పాసైన మాట మొదట ఆమె చెవిలోనే వేయాలని ఎప్పుడో అనుకున్నాను. వెంటనే ఫోన్ చేశాను.

కింద నుంచి మూడు చప్పట్లు వినిపించాయి.

"ఇనవడ్డది" అని వదినె మురిసిపోయింది. "నాకు ఇనవడలే, గాలి గొడుతుంది" అన్నాడు అన్నయ్య. నేను మళ్ళీ చేశాను. మళ్ళీ చప్పట్లు. "ఇంకోపాలి కొట్టిపియ్యి పిల్లా, వీడియో తీస్త" అంటూ వదినె ఫోన్ బయటికి తీసింది. ఎత్తమని బతిమాలుతూ నేను చేస్తూనే ఉన్నాను, కింద ఆమె కొడుతూనే ఉంది. ఆఖరికి గోడ మీంచి వంగి "ఫోనెత్తు అత్తమ్మా" అని అరిచాను. పక్కనున్న పెద్దాయన జాలిపడి, "ఊపర్ సే చిల్లానా నై బాజీ, నీచే సే తాలీ బజానా" అన్నాడు. పైనుంచి అరవడం కాదట, కింద నుంచి చప్పట్లు కొట్టాలట. నాకు నేర్పుతున్నాడు.

దిగుదామంటే వదినె ఇంకా ఫోటోలే దిగలేదంది. అన్నయ్య ఫిరంగులెక్కడున్నాయని అడిగాడు. చుట్టాన్ని దారిలో వదిలి రావడం మా ఇంట్లో పెద్ద తప్పు. అయినా "ఇప్పుడే అస్త" అని మెట్లు దిగడం మొదలుపెట్టాను. ఆ ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి కోడలిని నేనే, చుట్టాన్ని కొండ మీద వదిలేసిన మొదటి కోడలినీ నేనే.

అత్తమ్మ కమాను కింద కూర్చుని అరచేతులు ఊదుకుంటోంది. "ఎన్నిసార్లు కొట్టాలెనే? మీకు చెవులు గిట్ల పోయినయా ఏంది?"

"పాసైన అత్తమ్మా."

ఆమె చేతులు ఒళ్ళోకి దించింది. "ఎకనామిక్స్ గూడనా?"

"ఎకనామిక్స్ గూడ."

 ఆమె గోడ పట్టుకుని లేచి, కమాను కింద సరిగ్గా నడుమకు పోయి నిలబడి, ఏ ఫోనూ మోగకుండానే చప్పట్లు కొట్టింది. మూడు దగ్గర ఆపలేదు. అంతలో నా ఫోన్ మోగింది. వదినె. "గిప్పుడు మస్తు ఇనవడ్డది పిల్లా, వీడియోల గూడ పడ్డది."

ఆ వీడియో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. మనుషులెవరూ కనబడరు, ఎండ, ఒక గోడ, అన్నయ్య భుజం, చప్పట్లు. ఈ కోట కట్టి ఎన్నేళ్ళయిందని వచ్చిన ప్రతి చుట్టమూ అడుగుతాడు, ఆదివారం వచ్చేవాళ్ళూ అడుగుతారు. నాలుగైదు వందల ఏళ్ళని ఏదో చెబుతాను. నా లెక్కలో మాత్రం దానికి ఇంకా ఏడాది నిండలేదు.