అడ్డం రాయబోతే అద్దం

అక్షరాలకన్నా ముందు నాకు తాడుకు వేలాడడం వచ్చింది. హీరోలకు డూపుగా గాల్లో ఎగిరేవాణ్ణి. పైకి లేచినప్పుడు మనిషి కడుపులో ఏమవుతుందో నాకు తెలుసు కాబట్టి, ఎగిరే సీను ఎలా ఉండాలో డైరెక్టర్లు నన్నే అడిగేవారు. చెప్పీ చెప్పీ సూపర్‌హీరో సినిమాల కథకుణ్ణయ్యాను. నేను నోటితో చెబితే అసిస్టెంటు రాసుకునేవాడు. తెర మీద 'రచన' అని అతని పేరు పడేది, కథ మాత్రం నాది.

యాభై దాటాక మియాపూర్‌లో మా వీధి ట్యూషన్ టీచరమ్మ దగ్గర, ఒకటో తరగతి పిల్లల వెనక కూర్చుని అఆలు దిద్దాను. నవ్వినవాళ్ళు నవ్వారు. ఈ మధ్య ఒప్పుకున్న సినిమాకు, ఈసారి నేనే రాస్తానన్నాను. డైరెక్టరుది నా కొడుకు వయసు. సరే అంటూనే మెలిక పెట్టాడు.

"రాయుండ్రి మాస్టరూ. మీ రాతతోని పని ఆగిందనుకోండ్రి, మళ్ల అసిస్టెంటును కూసోబెడ్త."

పని ఆగింది.

నా కాగితాలు నేరుగా హైటెక్ సిటీలోని గ్రాఫిక్స్ ఆఫీసుకు వెళ్ళాయి. మొదటి సీను బొమ్మలు చూడమని డైరెక్టరునూ నన్నూ పిలిచారు. తెర మీద రైలు దూసుకొస్తోంది. పట్టాల మీద మా హీరో, ఒళ్ళంతా అద్దమై తళతళా మెరుస్తున్నాడు.

"ఏందిది? మంగలిషాపా?" అన్నాడు డైరెక్టరు.

బొమ్మలు గీసిన కోస్తా అమ్మాయి గబుక్కున లేచి నిలబడింది. "పేజీలో అలాగే ఉందండి. 'రైలుకు అద్దంగా నిలబడ్డాడు' అని. అద్దంగా మారే శక్తి ఉందేమో అనుకున్నానండి."

పేజీని తెర మీద పెట్టింది. నా చేతిరాత గోడంత అయింది. చదువుకున్నవాడు తప్పు రాస్తే చెయ్యి జారిందంటారు. నేను రాస్తే చదువు రాదంటారు. నా భయమంతా అదే.

"అది అడ్డంగ," అన్నాను. "డ రాయబోతే ద వడ్డది. పిల్లనేం అనకుండ్రి."

ఇక అసిస్టెంటును పిలుస్తాడనుకున్నాను. డైరెక్టరు తల గోక్కున్నాడు.

"గంతేనా? మొన్న నేను ప్రొడ్యూసర్‌కు 'అంతా మీ దయ' అని పెట్టబోతే, ఫోన్ల 'అంతా మీ దెయ్యం' అని పోయింది. ఇంకా మాట్లాడ్తలేడు."

గదిలో అందరూ నవ్వారు. అతను అమ్మాయి వైపు తిరిగి, "అద్దం తీసెయ్, మనిషిని వెట్టు," అన్నాడు. తర్వాత నాతో, "మాస్టరూ, మిగిలిన సీన్లు ఎప్పుడిస్తరు?"

అసిస్టెంటు మాటే రాలేదు. నాదీ చెయ్యి జారిన తప్పే అయింది.

బయటికొస్తుంటే అమ్మాయి మెల్లగా అడిగింది. "అద్దం హీరో కూడా బాగున్నాడు కదండీ?"

"బాగలేడు. రైలు గుద్దితే ఊడ్వనీకి మనుషులు కావాలె."

పకపకా నవ్వింది. కిందికి దిగాక, పొద్దున్నుంచీ ఏమీ తినలేదని గుర్తొచ్చింది. రోడ్డు పక్క బండి దగ్గర ఇడ్లీ తిని, చెయ్యి కడుక్కుని, అక్కడే బల్ల మీద తర్వాతి సీను మొదలుపెట్టాను.