గట్టు మీది మావయ్యగారు

పెడనలో మావయ్యగారు పోయారన్న కబురు నాకు గుడివాడలో, బడి వరండాలో అందింది. అద్దకాల షెడ్డు మేస్త్రి రైలెక్కి తనే వచ్చి చెప్పాడు. జ్వరం ఎన్నాళ్ళో లేదని, ఎవరిచేతా చాకిరీ చేయించుకోలేదని అన్నాడు. హెడ్మాస్టరుగారితో చెప్పి అతని వెంట బయల్దేరాను. రైల్లో నాకు ఏడుపు రాలేదు. కవుతరం దాటాక నీళ్ళు నిండిన పొలాలు చూసి, అలవాటుకొద్దీ ఒక స్పానిష్ మాట అనుకున్నాను. ఇక ఆ మాట అనడానికి నాకు మనిషి లేడని అప్పుడు తట్టింది. మేస్త్రి పాపం నా మొహం చూడకుండా అటు తిరిగి కూర్చున్నాడు.

ఆయన నాకు చుట్టం కాదు. నేను పెడన బడిలో పనిచేసినన్నాళ్ళూ పక్కవాటాలో ఉండేవారు. ఊరంతా మావయ్యగారనే పిలిచేది గాని, మేనల్లుడినంటూ పండక్కి గుమ్మం తొక్కినవాడు ఒక్కడూ లేడు. నేనా, పెళ్ళయిన ఏడాదికే ఒంటరినైనదాన్ని. కుర్రతనంలో ఆయన కలకత్తా వెళ్ళి ఓడలో పనికి కుదిరారట. అర్జెంటీనా రేవులో జబ్బుపడితే ఓడవాళ్ళు అక్కడే వదిలేసి వెళ్ళిపోయారు. ఆ రేవులోనే గోధుమ బస్తాలు మోస్తూ ఏళ్ళకేళ్ళు గడిపి, తల నెరిశాక ఊరు చేరారు. డబ్బూ దస్కం ఏమీ తేలేదు. అక్కడి స్పానిష్ భాష ఒకటి తెచ్చుకున్నారు.

“మాట్లాడకపోతే బూజు పడుతుంది టీచరమ్మా, కాస్త వింటూ ఉండండి” అని సాయంత్రాలు అరుగు మీద నాకు నేర్పడం మొదలుపెట్టారు. నేను తప్పు పలికితే దిద్దేవారు కాదు. నా ముందున్న మజ్జిగ గ్లాసును మెల్లగా తనవైపు జరుపుకునేవారు. సరిగ్గా పలికినప్పుడే అది మళ్ళీ నా దగ్గరికి వచ్చేది. ఎండాకాలంలో ఈ చదువు మహా కష్టంగా ఉండేది. ఒక మాట వాడేముందు అది ఎవరిని బయట నిలబెడుతోందో చూసుకోవాలని ఎప్పుడూ చెప్పేవారు. ఆ మాటకు అర్థం నాకు ఆలస్యంగా తెలిసింది.

ఒక ఏడు మద్రాసు వర్తకుడొకాయన మన అద్దకం దుప్పట్లు ఆ దేశాలకు పంపుతూ, ఇవి పెడనలో ఫలానా వాళ్ళు చేసినవని అంచు మీద స్పానిష్‌లో వేయమన్నాడు. అందుకు మాటల్ని టేకు చెక్క మీద అచ్చుగా చెక్కాలి. ఒకసారి ఉలి పడ్డాక మార్చడానికి వీలుండదు. షెడ్డువాళ్ళు మావయ్యగారి దగ్గరికి వచ్చారు. మిగతాదంతా చిటికెలో చెప్పేసి, ఆ ‘ఫలానా వాళ్ళు’ దగ్గర ఆయన ఆగిపోయారు.

వర్తకుడి గుమాస్తా డిక్షనరీ చూసి ‘పెర్సొనాల్’ అని వేయమన్నాడు. సిబ్బంది అని దాని అర్థం. అది జీతమిచ్చేవాడు వాడే మాట, వీళ్ళు తమను తాము అనుకునేది కాదని మావయ్యగారు తోసిపుచ్చారు. పనివాళ్ళని అర్థమొచ్చే ‘ఓబ్రేరోస్’ నేను చెప్పాను. అది ఎవరికి వాళ్ళని విడివిడిగా నిలబెడుతుందన్నారు. పోనీ అచ్చులు వేసేవాళ్ళు అందామంటే, కరక్కాయ నీళ్ళలో బట్ట ముంచేవాళ్ళూ, జాజాకు వేసి రంగు కాగబెట్టే ఆడవాళ్ళూ, కాలవలో జాడించేవాళ్ళూ ఏమైపోవాలని నన్నే అడిగారు. మజ్జిగ గ్లాసు ఆయనవైపే ఉండిపోయింది. అచ్చులు చెక్కే ఆయన రోజూ వచ్చి విసుక్కుని పోయేవాడు.

చివరికి ఒక పొద్దున నన్ను కాలవగట్టుకు తీసుకెళ్ళారు. జాడించేవాళ్ళు మోకాటిలోతు నీళ్ళలో వరసగా నిలబడి, తడిబట్టను చేతినుంచి చేతికి అందిస్తూ గట్టుకు చేరుస్తున్నారు. వరస మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. ఆరోజు ఒకతను జబ్బుచేసి రాలేదు. అతని చోటులోకి ఎవరూ జరగలేదు. అటువాళ్ళూ ఇటువాళ్ళూ చేతులు బారచాపి అందుకుంటున్నారు. అది వాళ్ళ అలవాటు.

“రేవులో నేను జ్వరంతో మంచం పట్టినప్పుడు బస్తాలు మోసే మావాళ్ళు కూడా ఇంతేనండి. తిరిగి వెళ్ళేసరికి ఇద్దరి మధ్యా నా చోటు అలాగే ఉంది” అన్నారు. అలాంటి జట్టును అక్కడ ‘క్వాద్రీయా’ అంటారట. ఆ మాటే చెక్కించారు.

మరి వాళ్ళను వదిలి ఎందుకొచ్చేశారని అడిగాను.

“ఊరు గుర్తొచ్చిందమ్మా. వచ్చాక తెలిసింది, ఇక్కడ నాకు చోటు ఉంచినవాళ్ళు ఎవరూ లేరని.”

అచ్చు వేసిన మొదటి దుప్పటిని షెడ్డులో అందరూ చుట్టూ మూగి చూశారు. రంగు కాగబెట్టే పెద్దావిడ ఆ మాటలో మేమూ ఉన్నామా అని అడిగింది. అందరూ ఉన్నారన్నారాయన.

“మరి మీరో?” అంది.

“నేను గట్టు మీదవాణ్ణి కదమ్మా” అని నవ్వేశారు. నాకు నవ్వు రాలేదు. ఆయన మోకాళ్ళు నీళ్ళలో దిగనిచ్చేవి కావు. రోజూ పొద్దున్నే వెళ్ళి గట్టు మీద రాయిమీద కూర్చుని, వాళ్ళు పని ముగించేదాకా చూసి వచ్చేవారు. అంతకుమించి ఆ పనితో ఆయనకు సంబంధం లేదు.

ఆయన్ని చర్చి వెనక మట్టి చేశాం. ఆ రాత్రి నేను ఒకప్పుడున్న వాటాలోనే పడుకున్నాను గాని, పక్కవాటాలో అలికిడి లేకపోతే నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు రైలు వేళకు ముందు కాలవకు వెళ్ళాను. అందరూ నీళ్ళలో ఉన్నారు. గట్టుకు దగ్గరగా, వరస చివరి ఇద్దరి మధ్య, ఒక ఖాళీ కనిపించింది. ఎవరు రాలేదని, ఆవేళ తనూ జాడించడానికి దిగిన పెద్దావిడను అడిగాను.

“అందరం వచ్చామండి. అది మావయ్యగారిది” అంది.

ఆయన ఒక్కనాడు కూడా ఆ నీళ్ళలో కాలు పెట్టలేదు. గట్టు మీద నిలబడి, ఆయన చెక్కించిన మాట పైకే అన్నాను. ఎవరూ తలెత్తలేదు, ఎవరి పనిలో వాళ్ళున్నారు. తడిబట్ట ఆ ఖాళీ మీదుగా చేతినుంచి చేతికి వెళ్తోంది. దాని నీళ్ళు ఆయన చోటులో కారుతున్నాయి.