లాకర్‌కి వేలాడుతున్న బ్రష్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే నేనొక ప్రొఫెసర్ గారి తలను ఇనుప లాకర్‌కేసి కొట్టాను. ఇప్పటికీ తలుచుకుంటే చేతులు దురద పెడతాయి.

కాకినాడ దగ్గర, చుట్టుపక్కల కాలేజీల వాళ్ళందరూ వచ్చి చిప్పులు తయారు చేసుకునే ల్యాబ్ ఒకటుంది. దాన్ని నడిపేది నేనే. తెల్ల సూటు, ముసుగు, గ్లౌజులు లేందే ఎవరినీ లోపలికి పోనివ్వను. వెంట్రుక కంటే సన్నగా గీతలు గీసే చోట దుమ్ము రేణువు పడితే బండరాయి పడ్డట్టే. దుమ్ము కంటే ఉప్పు మరీ అన్యాయం. రవ్వంత అంటుకుందంటే చాలు, సిలికాన్ బిళ్ళ ఫర్నేస్‌లో కాలి బయటికొచ్చేసరికి దాని మీద ఒక్క చిప్పూ చెప్పిన మాట వినదు.

ఫర్నేస్ చూసుకునే టెక్నీషియన్‌ది ఉప్పాడ. పెళ్ళైనవాడు, నెమ్మదస్తుడు. తండ్రి వేటకెళ్తాడు, తల్లి చేపలమ్ముతుంది. సముద్రం ఇల్లు మింగేస్తే వెనక్కి జరిగి మళ్ళీ కట్టుకున్నారు. ఆ ఇంట్లో సముద్రం మీద ఆధారపడని ఉద్యోగం ఇతనిదొక్కటే.

ఉన్నట్టుండి ఆ ప్రొఫెసర్ గారి బిళ్ళలు వరసగా పాడవడం మొదలైంది. పరీక్ష చేస్తే ఉప్పు. ఆయన నా గదిలోకొచ్చి ఎంతో మర్యాదగా కూర్చున్నారు.

“ఏమీ అనుకోకండి మేడమ్ గారూ. మీ వాడు ఉప్పాడ నుంచి ఉప్పు మోసుకొస్తున్నాడండి. వాళ్ళ ఒంట్లోనే ఉంటుందది.”

“మిగతావాళ్ళ బిళ్ళలు కాల్చేదీ అతనే కదండీ. అవన్నీ బానే వస్తున్నాయి.”

“వాళ్ళవి మోటు పనులండి. మాది సున్నితం.”

ఒళ్ళు మండిపోయింది. అయినా పళ్ళు కొరుక్కుని ఊరుకున్నాను.

మర్నాడు సూట్లు మార్చుకునే గదిలోంచి అరుపు వినిపించింది. పరుగెత్తాను. ప్రొఫెసర్ గారు టెక్నీషియన్ మెడ పట్టుకుని సింకు మీదకి వంచి, బాత్రూమ్ నేల రుద్దే బ్రష్‌తో అతని చేతుల్ని మోచేతుల దాకా రుద్దేస్తున్నారు. ఆయన విద్యార్థులిద్దరు గోడకి ఆనుకుని చూస్తున్నారు. సింకులో నీళ్ళు ఎర్రగా తిరుగుతున్నాయి.

“కడుక్కునే వచ్చానండి,” అంటున్నాడతను. “కడుక్కునే వచ్చానండి సార్.”

తిరిగి చెయ్యెత్తలేదు. ఎత్తితే ఉద్యోగం ఊడుతుందని ఆ గదిలో అందరికీ తెలుసు. ఆయనకి ఇంకా బాగా తెలుసు.

కాలర్ పట్టుకుని వెనక్కి లాగాను. రాలేదు. జుట్టు దొరకబుచ్చుకుని లాకర్‌కేసి కొట్టాను. రేకు సొట్టపడింది. ఆయన తిరిగి మోచేత్తో నా మొహాన పొడిచాడు, పెదవి చిట్లింది. నోట్లో రక్తంతోనే మళ్ళీ కొట్టాను. అప్పటిదాకా కదలని ఆ విద్యార్థులు అప్పుడొచ్చి నన్ను పట్టుకున్నారు. పట్టుకోకపోతే ఇంకా కొట్టేదాన్నే.

ల్యాబ్ కమిటీ కూర్చుంది. ఆయనది ఆవేశమన్నారు, నాది అతి అన్నారు. టెక్నీషియన్‌ని మాత్రం ఉప్పు ఎక్కడిదో తేలేదాకా రావద్దన్నారు. నెలాఖరుకి తేలకపోతే ఇక రానే అక్కర్లేదట. అతను కట్లు కట్టిన చేతులతో నాకు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

ఫర్నేస్ ఆపించి, చల్లారాక నేనే స్క్రూలు ఊడదీస్తూ కూర్చున్నాను. బిళ్ళల్ని లోపలికి తోసే తలుపు కింద, చెయ్యి పెట్టి తడిమితే తప్ప తెలియని చోట, ఎర్రగుడ్డ మూట తగిలింది. విప్పితే కళ్ళుప్పు, ఎండు మిరపకాయలు. ఉప్పుకి చెమ్మ పట్టి గుడ్డంతా తడితడిగా ఉంది.

కమిటీ వాళ్ళని, ప్రొఫెసర్ గారిని, టెక్నీషియన్‌ని పిలిపించి మూట బల్ల మీద పెట్టాను. ఆయన మొహం పాలిపోయింది.

“కొత్త ప్రాజెక్టు కదండీ. ఆ ఉప్పాడ అతని దిష్టి తగలకూడదని కట్టానండి. మా బిళ్ళలు నేనే పెడతాను కదండీ, పెట్టే ముందు ఒక్కసారి ముట్టుకుని దణ్ణం పెట్టుకుంటానంతే.”

“గ్లౌజులతోనే?”

“మంత్రించిన ఉప్పండి అది.”

“మంత్రిస్తే అందులో సోడియం పోతుందా అండి?”

మూట తీసి ఆయన మొహాన కొట్టాను. మిరప గింజలు, ఉప్పు కళ్ళలో పడి, రెండు చేతులతో మొహం కప్పుకుని కుర్చీలోనే ముడుచుకుపోయాడు. నాకేమీ జాలి కలగలేదు. దాచి ఉంచిన ఆ బ్రష్ తెచ్చి టెక్నీషియన్ ముందు పెట్టాను.

“ఇంద. ఇప్పుడు నువ్వు రుద్దు.”

కమిటీ వాళ్ళు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. అతను బ్రష్ వంక చూశాడు. కట్లలోంచి వేళ్ళు ముడిచి చూసుకున్నాడు.

“ఇప్పుడు పట్టు దొరకదండీ మేడమ్,” అన్నాడు మెల్లగా. “చేతులు మానాక రుద్దుతానండి.”

మర్నాడే పనిలోకొచ్చాడు. బ్రష్‌కి దారం కట్టి ఆ సొట్టపడిన లాకర్‌కి తగిలించాడు. ఎందుకని నేను అడగలేదు, తీయించనూ లేదు.

అతని చేతులు మాని చాలాకాలమైంది. ప్రొఫెసర్ గారు ఇప్పటికీ వస్తారు. సూటు వేసుకునే ముందు ఆయన కళ్ళు ఆ బ్రష్ మీదకి పోతాయి, అక్కణ్ణుంచి అతని చేతుల మీదకి పోతాయి. “మానాయా అండీ?” అని అడుగుతారు.

“ఇంకా లేదండి,” అంటాడతను.