పప్పు మాడినంత సేపు

ముందే మనవి చేసుకుంటున్నాను, నేను చెప్పేదాంట్లో మూడొంతులు కోసేసి మిగిలింది నమ్మండి. మా ఇంట్లో చీమ కనబడితే, ఆ సంగతి నా నోటి మీదుగా వీధిలోకి వెళ్ళేసరికి దానికి తొండం మొలిచి ఉంటుంది. ఇది తెలిసిన మా ఆవిడ, నేనేం చెప్పినా కూరగాయల బండివాడితో బేరమాడినట్టు ముందు సగానికి అడిగి, అక్కణ్ణించి మెల్లగా పైకి వస్తుంది. కాబట్టి ఆ రోజుల్లో ఢిల్లీ బేర్ సరాయ్‌లో పరీక్షలకి చదివే మనుషులు రోజుకి పదహారు గంటలు చదివేవారని నేనంటే మీరు అనుమానించడం సహజం. అయితే ఆ అంకె నాది కాదు. అక్కడ అందరూ చెప్పుకునేదే నేను చెబుతున్నాను. నా చెయ్యి పడి ఉంటే పంతొమ్మిదైనా అయ్యేది.

ఈ గొడవంతా మళ్ళీ గుర్తు చేసింది మా అమ్మాయి. ఢిల్లీ మయూర్ విహార్‌లో పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు చెవుల్లోకి వెళుతుంది గానీ నోట్లోంచి రాదు. ఈ మధ్య ఫోన్లో ఒక యాప్ పెట్టుకుంది. మనసు పెట్టి చదువుతున్నంతసేపూ తెర మీద ఒక దీపం వెలుగుతుంది, మధ్యలో ఫోను ముట్టుకుంటే ఆరిపోతుంది. మొన్న సాయంత్రం తన దీపాలన్నీ చూపించి, నేను రోజుకి ఎంతసేపు మనసు పెడతానో తెలుసుకోవాలని, "పాపా, ఆప్ దిన్ మే కిత్నా ఫోకస్ కర్ లేతే హో?" అని అడిగింది. "కావలసినంత" అన్నాను గంభీరంగా. "నంబర్ బతాయియే" అంది. ఆలోచించాను. నాకు నిజంగానే ఒక కొలత తెలుసు, కానీ అది గంటల్లో లేదు.

పాతికేళ్ళ కిందట నేను సివిల్స్ పరీక్ష రాస్తానని తణుకు నుంచి ఢిల్లీ వచ్చి బేర్ సరాయ్‌లో ఒక గదిలో చేరాను. గదంటే, ఒకళ్ళు గాలి పీలిస్తే రెండోవాళ్ళు వదిలి సర్దుకోవాలి. ఆ సందుల్లో ఎవరైనా ఎదురైతే బాగున్నావా, తిన్నావా అని అడిగేవారు కాదు. "ఈరోజు ఎన్ని గంటలు?" అని అడిగేవారు. దానికి నిజం చెప్పడం మర్యాద కాదు. టీ బండి దగ్గర పదన్నవాడు, జిరాక్స్ దుకాణానికి నడిచి వెళ్ళేలోపే పన్నెండుకి చేరుకునేవాడు (ఆ పది అడుగుల్లో రెండు గంటలు ఎప్పుడు చదివాడని ఎవరూ అడిగేవారు కాదు). నాతో గదిలో ఉండే కరీంనగర్ ఆయన్ని అందరూ పదహారు గంటల అన్న అనేవారు. నాకు మొదటినించీ ఒకటే కుతూహలం. మిగిలిన ఎనిమిది గంటల్లో ఆయన నిద్రపోతాడు, స్నానం చేస్తాడు, మెస్‌లో రొట్టెలు ఎందుకిలా ఉన్నాయో చర్చిస్తాడు, ఇంటికి ఉత్తరాలు రాస్తాడు, క్రికెట్ చూస్తాడు. ఇన్ని పనులు ఎనిమిది గంటల్లో ఇమడవు. అంటే ఏవో కొన్ని ఆ పదహారులో దూరుతున్నాయి. ఏవి?

ఒకరోజు నేను చదువు మానేసి ఆయన్ని చదవడం మొదలుపెట్టాను. అన్న పొద్దున్నే కూర్చున్నాడు. మూడు రంగుల పెన్నులు వరసగా పేర్చాడు. ఒక వాక్యం కింద ఎర్రగీత గీసి, ఆలోచించి, ఎర్రరంగు సరిపోదనిపించిందో ఏమో దాని కింద ఆకుపచ్చ గీశాడు. తర్వాత గోడ మీద ఉన్న ప్రపంచ పటం వైపు చూస్తూ ఉండిపోయాడు. సూర్యుడు కిటికీలో ఒక మూల నుంచి ఇంకో మూలకి వెళ్ళాడు. నేనిక ఉండబట్టలేక, "అన్నా, పేజీ తిప్పట్లేదేంటి?" అన్నాను.

"పేజీ తిప్పుడు సదువు గాదు తమ్మీ. అది లోపలికి దిగాలె."

"దిగుతోందా?"

"దిగుతున్నది. నువ్వు మాట్లాడితే ఆగుతది."

సాయంత్రానికి నాకు తేలిందేమిటంటే, ఆ రోజు ఆ గదిలో రెప్ప వెయ్యకుండా, పక్కకి చూడకుండా, ఆకలి మరిచి పనిచేసిన మనిషిని నేనే. కానీ నా పని పరీక్షలో అడగరు.

అడగలేదు కూడా. పరీక్ష వరసగా పోతూ వచ్చింది. తణుకులో మా నాన్నకి ఇనప సామాన్ల కొట్టుంది. ఆయన ఫోన్ చేసి ఎక్కువ మాట్లాడలేదు. "నువ్వు చదువుతున్నావో లేదో ఇక్కణ్ణించి నాకు కనబడదు. బాబాయి చూసి చెప్తాడు. వాడు సరే అంటే ఇంకో ఏడు ఉండు. లేదంటే వచ్చి కొట్లో కూర్చో" అన్నారు. కొట్లో కూర్చోవడమంటే జీవితాంతం మేకుల మధ్య బతకడం. నాకు ఢిల్లీ కావాలి. ఎందుకని అడిగితే ఆ వయసులో చెప్పలేను, కానీ కావాలి.

బాబాయి ఢిల్లీలోనే, ఆర్.కె. పురంలో ప్రభుత్వ క్వార్టర్లో ఉండేవారు. కేంద్ర ప్రభుత్వంలో ఆఫీసరు. ఆయన మీసం ఎంత గంభీరమైనదంటే, ఆయన ఇంట్లో లేకపోయినా అది హాల్లో ఉన్నట్టే అనిపించేది. "ఆదివారం పొద్దున్నే పుస్తకాలు పట్టుకుని రా. ఎలా చదువుతావో చూస్తాను. సాయంత్రం అన్నయ్యకి ఫోన్ చెయ్యాలి" అన్నారు.

చలికాలం. హాల్లో నాకొక కుర్చీ వేశారు. ఎదురుగా పేపరు, పేపరు పైన బాబాయి కళ్ళు. నేను చదువుతున్నవాడు ఎలా ఉంటాడో అలా ఉన్నాను. నుదురు ముడిచాను, పెదవులు కదిపాను, అన్న దగ్గర నేర్చుకున్న విద్యతో రెండు రంగుల గీతలు కూడా గీశాను. ఇంతలో పిన్ని వంటింట్లోంచి, "నాన్నా, నేను మేడ మీద బట్టలారేసి వస్తా, మూడు విజిల్సు రాగానే కట్టెయ్యి" అంది. తెలుగువాళ్ళ ఇంట్లో హాల్లో కూర్చున్న ప్రాణికి ఇది తప్పని ఉద్యోగం. ఆవిడ దిగి వచ్చేసరికి నేను పుస్తకంలోంచి తలెత్తకుండా, "మూడయ్యాయి పిన్నీ, కట్టేశాను" అన్నాను.

బాబాయి పేపరు మడిచారు.

"నువ్వు చదువుతున్నావా, కుక్కర్ వింటున్నావా?"

"రెండూ బాబాయ్."

"రెండూ అన్నవాడు రెండోదే చేస్తాడు."

ఆఫీసులో ఎన్నేళ్ళుగానో అణిగి ఉన్న పరిశోధకుడెవరో ఆయనలో లేచాడు. మనిషి నిజంగా చదువుతుంటే విజిల్ వినబడకూడదు, వినబడిందంటే చదవట్లేదు, అంతకన్నా మంచి కొలబద్ద లేదన్నారు. పిన్ని ఎంత వద్దన్నా కుక్కర్ మళ్ళీ పొయ్యి ఎక్కింది. అన్నం, కందగడ్డ, శెనగలు, రేపటి కూరకి ఆలుగడ్డలు, ఎల్లుండి కూరకి కూడా ఆలుగడ్డలు. మధ్యాహ్నానికి ఆ సెక్టారులో ఉడకని ఆలుగడ్డ లేదు. ప్రతిసారీ బాబాయి "ఎన్ని?" అనేవారు, ప్రతిసారీ నా నోట్లోంచి సరైన జవాబు జారిపోయేది. వినకూడదని పట్టుబడితే చెవులు ఇంకా పెద్దవయ్యాయి. చివరికి ఒకసారి, "నాలుగు మనవి, రెండు పక్కింటివి. వాళ్ళది రాజ్మా అనుకుంటా" అన్నాను.

"పక్కింటివి కూడానా" అన్నారు బాబాయి నీరసంగా.

ఓడిపోతున్నవాడికి ధైర్యం ఎక్కువ. "మరి మీరు ఆఫీసులో రోజుకి ఎంతసేపు మనసు పెట్టి పనిచేస్తారు బాబాయ్?" అనేశాను. వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. "ఎండాకాలం సంగతి అడుగుతున్నావా నాన్నా, చలికాలం సంగతా?" అంది పిన్ని. "చలికాలమైతే వీళ్ళంతా లంచ్ తర్వాత లాన్‌లో ఎండ కాగుతూ నారింజలు ఒలుచుకుంటారు. ఆ పని మాత్రం మనసు పెట్టి చేస్తారు."

బాబాయికి కోపం రాలేదు. నా వైపు కాకుండా కిటికీ వైపు చూస్తూ అన్నారు. "నిన్ను ఇరికించాలని కాదురా. నాకూ తెలీదు. పొద్దున్న వెళ్తాను, సాయంత్రం వస్తాను. ఫైళ్ళు కదులుతాయి. కానీ ఎప్పుడైనా ఒక ఫైలు చదువుతూ చదువుతూ చూసుకుంటే టీ చల్లారిపోయి ఉంటుంది చూడు, ఆ రోజు పనిచేశానని నాకే తెలుస్తుంది."

"తరచూ చల్లారుతుందా?"

"ప్యూన్ మంచివాడు, వేడిగా తెస్తాడు" అన్నారు.

భోజనాలయ్యాక ఆయన వరండాలో ఎండలో పడక కుర్చీ వేసుకుని కునుకు తీశారు. పిన్ని రాత్రికి పప్పు పెట్టి, మూడు రాగానే కట్టెయ్యమని నాకు చెప్పి (చెప్పిందట) పక్కింటి ఆంటీ దగ్గరికి వెళ్ళింది. నేను వ్యాసం రాయడం సాధన చేద్దామని తెల్లకాగితం తీశాను. విషయం: పరిపాలనలో సహనం. మొదటి వాక్యంలో ఒక ఆఫీసరు వచ్చాడు. ఆఫీసరన్నాక మీసం ఉండాలి కదా అని మీసం పెట్టాను. ఆ మీసం ఆయన కన్నా ముందు ఆఫీసుకి చేరుకుని, హాజరు వేయించుకుని, ఫైళ్ళ మీద వాలి చర్చించండి అని రాసేస్తోంది. ఆయన వెళ్ళేసరికి మిగిలిన పని నారింజలు ఒలవడమే. ఇదంతా సహనం కిందికి వస్తుందా రాదా అన్న ఆలోచన నాకు రాలేదు. అసలు ఏ ఆలోచనా రాలేదు. కలం పోతూ ఉంది, నేను దాని వెనకాల పోతూ ఉన్నాను.

ఎవరో నా భుజం పట్టి ఊపారు. హాలంతా పొగ. పక్కింటి ఆంటీ గుమ్మంలో నిలబడి, "అరే బేటా, గ్యాస్ తో బంద్ కర్" అంటోంది. పిన్ని ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని పొయ్యి కట్టేసింది. చల్లారాక కుక్కర్ మూత తీస్తే లోపల సింగరేణి కనిపించింది. "ఇల్లు తగలబెట్టేవాడివి కదరా" అని పిన్ని అందుకుంటుంటే బాబాయి చెయ్యెత్తి ఆపారు.

"ఉండవే. ఏరా, ఎన్ని విజిల్సు వచ్చాయి?"

"ఏ విజిల్సు బాబాయ్?"

ఆయన మొహం వెలిగిపోయింది. "ఎంతసేపైందే నువ్వు వెళ్ళి?" అని పిన్నిని అడిగారు. "ఏమో, ఆవిడ కోడలి సంగతి మొదలుపెట్టి పూర్తిగా చెప్పింది" అంది పిన్ని. ఆ కోడలి సంగతి ఎంత పొడుగో ఆ బ్లాకులో అందరికీ తెలుసు.

"ఏం చదువుతున్నావురా అంత ఇదిగా?" అని నా చేతిలో కాగితం లాక్కున్నారు. ఇక మేకులే అనుకున్నాను. బాబాయి చదివారు. ఒక మూల మీసం కదిలింది, తర్వాత రెండో మూల, ఆ తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకోవలసి వచ్చేంత నవ్వారు. "నా మీసం ఇంతుంటుందా?" అన్నారు. "కాస్త తగ్గించే రాశాను బాబాయ్" అన్నాను. సాయంత్రం నాన్నకి ఫోన్ చేసి, "వీడికి రోజుకి ఒక పప్పు మాడేంత ఏకాగ్రత ఉంది అన్నయ్యా. మనలో ఎవరికీ అంత లేదు. అది ఏ పరీక్షకి పనికొస్తుందో నాకు తెలీదు గానీ, ఇంకో ఏడు ఉండనీ" అన్నారు.

ఏ పరీక్షకీ పనికి రాలేదు. ఆ ఏడూ పోయింది. పదహారు గంటల అన్న మాత్రం మొదటి వరసలో పాసయ్యాడు. ఆ పేజీ నిజంగానే లోపలికి దిగుతూ ఉండేది కాబోలు. నేను నోయిడాలో ఒక కంపెనీలో చేరి, వాళ్ళ సరుకు గురించి గొప్పలు రాసే ఉద్యోగంలో కుదురుకున్నాను (అతిశయోక్తికి జీతమిస్తారని అప్పుడే తెలిసింది). మిగిలిన సమయంలో ఇవి రాస్తూ ఉంటాను. మా అమ్మాయికి జవాబుగా "ఒక పప్పు" అన్నాను. తన యాప్‌లో ఆ కొలత లేదట.

ఇక ఒప్పుకోవలసింది ఒకటుంది. పక్కింటి రాజ్మా, ఎల్లుండి ఆలుగడ్డలు, కోడలి సంగతి, మీరు నమ్మనివన్నీ జరిగినవే. నేను కల్పించింది బాబాయి నవ్వు. ఆయన నవ్వలేదు. ఆ కాగితం నిదానంగా చివరిదాకా చదివి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకుని, లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి ఫోన్ చేశారు. ఏం చెప్పారో పక్కింటి కుక్కర్లు కూడా వినే నా చెవులకి వినబడలేదు. ఇంకో ఏడు ఉండమని మర్నాడు నాన్నే చెప్పారు. ఇప్పుడు రిటైరై రాజమండ్రిలో ఉంటున్నారు బాబాయి. వెళ్ళినప్పుడల్లా అడుగుదామనుకుంటాను, మీసం చూసి ఊరుకుంటాను.

ఇది రాస్తుంటే మా వంటింట్లో కుక్కర్ మూడుసార్లు కూసింది. రాస్తూనే విన్నాను, లేచి కట్టేసి వచ్చి కూర్చున్నాను. అంటే నా పని నాణ్యత మీకు అర్థమయ్యే ఉంటుంది. కానీ బాబాయి నవ్విన చోటు రాయడం మొదలుపెట్టినప్పుడు మా ఆవిడ వేడివేడి టీ తెచ్చి పక్కన పెట్టిందట. ఇప్పుడే చూశాను. మీగడ కట్టి ఉంది.