గట్టిగా బాబూ, వినపడట్లేదు!

మా ఇంటి ఓనరు పుణ్యవతమ్మగారికి ఒకటే పిచ్చి: స్నానానికి వెళ్లిన మనిషి నోరు మూసుకోకూడదు. పాడాలి, అరవాలి, కనీసం ఎవరినైనా తిట్టాలి. చప్పుడు ఆగిందా, బాత్రూం తలుపు దబదబా మోగేది.

అవి సకల జనుల సమ్మె రోజులు. మియాపూర్‌లో కరెంటు ఎప్పుడుంటుందో తెలియదు. మా అబ్బాయి శేఖర్ హైటెక్ సిటీలో క్యాబ్ తోలి తెల్లారి ఇంటికొస్తే చన్నీళ్లే గతి. అది చూడలేక ఆమె మా వాటాకు గ్యాస్ గీజరు కొనుక్కొచ్చారు. బిగించేవాడు బాత్రూంలోనే పెడతానన్నాడు.

"అందరు లోపల్నే పెట్టిచ్చుకుంటున్రమ్మా!"

"అందరి సంగతి మనకెందుకండీ? మూసిన గదిలో అది మండితే లోపలున్న మనిషి కళ్లు తిరిగి పడిపోతాడు. ఆ విషవాయువుకి వాసన కూడా ఉండదు."

గాలాడే వరండాలో గోడకు పెట్టించారు. సిలిండరూ అక్కడే. పైపు అతుకులన్నిటికీ సబ్బు నురగ పూయించి, బుడగ లేస్తుందేమోనని పెళ్లిచూపుల్లో పిల్లను చూసినట్టు చూశారు. అయినా తలుపు బాదడం మానలేదు.

"గీజరు బయటనే ఉన్నది గదమ్మా, ఇంక ఫికరేంది?" అన్నాను.

"నా భయం ఇంకా లోపలే ఉందండీ."

మావాడికి పాటలు రావు. "జై తెలంగాణ!" అని అరిచేవాడు. బయట నుంచి ఈ గోదావరి జిల్లా ఆవిడ, "గట్టిగా బాబూ, వినపడట్లేదు!" అనేవారు. వీధంతా నవ్వేది.

నవ్వనిది శేఖర్ ఒక్కడే. "ఆంధ్రామె నన్ను ఆట పట్టిస్తుందే అమ్మా. ఇల్లు ఖాళీ చేద్దాం" అని సామాను మూటలు కట్టాడు. ఇల్లంటే ఇంకోటి దొరుకుతుంది, ఆమెలాంటి మనిషి దొరకదని నా దిగులు.

ఆ వారమే ధర్నాలో అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని వచ్చాడు. పొద్దున స్నానానికి పోయాడు. చప్పుడు లేదు.

"శేఖర్ బాబూ!"

పలుకు లేదు. పుణ్యవతమ్మగారు వరండాలోకి ఉరికి సిలిండరు గ్యాసు కట్టేసి, వచ్చి తలుపు మీద పడ్డారు. గడియ ఊడింది. ఒంటినిండా సబ్బుతో, తువ్వాలు అడ్డం పట్టుకుని మావాడు! గొంతు పోయిందని సైగ చేశాడు.

ఆమె అక్కడే కూలబడి, ఏడుస్తూనే నవ్వారు. "మా తమ్ముడూ ఇలాగే పలకలేదండీ. వాళ్ల గీజరు లోపలుండేది. తలుపు పగలగొట్టాం కాబట్టి బతికాడు. ఇప్పుడు నాకంటే లావున్నాడనుకోండి!"

శేఖర్ తల దించుకున్నాడు.

"మీరు చెంబు మోగించండి బాబూ. ఆ అరుపేదో నేనరుస్తాను" అని, వరండాలో నిలబడి "జై తెలంగాణ!" అన్నారు. లోపల చెంబు టంగుమంది. మూటలు మావాడే విప్పాడు.

ఇప్పుడు లింగంపల్లిలో ఉంటున్నాం. మావాడు స్నానానికి పోతే ఇంకా అరుస్తాడు.

"తెలంగాణ వచ్చి ఎన్నేండ్లాయె, ఇంకా ఏంది అత్తమ్మా గీ లొల్లి?" అంటుంది కోడలు సంధ్య.

నేను ఫోన్ కలిపి బాత్రూం తలుపు దగ్గర పెడతాను. అందులోంచి పుణ్యవతమ్మగారు:

"గట్టిగా బాబూ!"