మా జేజి వాపస్ చేసిన చీర

నా చిన్నప్పుడు మా ఇంటి ముందు కారు ఆగిందంటే అది మా మామదే అయి ఉండేది. మా అమ్మకు అన్న ఆయన. బోరు లారీల మీద డబ్బు చేసుకున్న మనిషి. వానలు లేక రైతు బోరు వేయిస్తే, నీళ్ళు పడినా దుమ్ము లేచినా లారీ యజమానికి అడుగు లెక్కన ముట్టాల్సిందే. ఊళ్ళకు ఊళ్ళు ఎండిపోతుంటే మా మామ మేడ మీద మేడ కట్టాడు. తెలివితక్కువవాడని నేను అనను. పక్కవాడి చేనులో దుమ్ము లేపి తన ఇంట్లో పాలరాయి పరిపించుకోవాలంటే కొంత తెలివి కావాలి. అయితే ఈ రోజుకీ నేను ఆయన్ను గౌరవించలేకపోవడానికి కారణం ఆ లారీలు కాదు, ఒక చీర.

అవి తొంభైల చివరి రోజులు. కదిరి నుంచి బస్సులో వచ్చి, రోడ్డు మీద దిగి ఇంకా కొంత దూరం నడిస్తే మా ఊరు. మామ కూతురికి పెళ్ళి కుదిరింది. పిలవడానికి మామ, ఆయన భార్య ఇద్దరూ వచ్చారు. మా ఇంటి దుమ్ము తన చీరకు ఎక్కడ అంటుకుంటుందోనని అత్త కుర్చీ అంచు మీద కూర్చుంది. అమ్మ ఇచ్చిన మజ్జిగలో రెండు గుక్కలు తాగి గ్లాసు కింద పెట్టేసింది. ఆ తర్వాత టెంకాయ, ఆకువక్కతో పాటు అట్టపెట్టెలో ఒక చీర పెట్టి అమ్మకు బొట్టు పెట్టింది. కుంకుమ రంగు చీర, అరచేతి వెడల్పున జరీ అంచు. దూరం నుంచి చూస్తే పట్టుచీరే. దగ్గర నుంచి చూడాలని మా అమ్మకు తోచలేదు. అన్న ఇంటికి వచ్చి చీర పెట్టాడన్న సంతోషంలో ఉంది పాపం.

మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. పెళ్ళిలో పూజ చేసే ఐరేణి కుండలను కుమ్మరి ఇంటి నుంచి మేళంతో తెచ్చేది ఆ ఇంటి ఆడబిడ్డ. ఆ పూట ఆమె పుట్టింటివాళ్ళు పెట్టిన చీరే కట్టుకోవాలి. దారి పొడుగునా జనం చూసేది కుండలను కాదు, ఆమె కట్టుకున్న చీరను. పుట్టింట్లో ఆమెకు ఎంత విలువ ఉందో దాన్ని బట్టే లెక్క కడతారు. ఆ పెళ్ళిలో ఆడబిడ్డ మా అమ్మే.

మరుసటి రోజు పొద్దున అమ్మ చీర మడత విప్పి, కొత్తబట్టకు అందరూ చేసేదే, పసుపు తడిపి ఒక కొసకు పెట్టింది. తీసి చూస్తే వేలు ఎర్రగా ఉంది. పసుపుకు ఎక్కడో సున్నం తగిలి ఉంటుందన్నాడు నాయన. అమ్మ కూడా అదే నమ్మాలనుకుంది. వేలు కొంగుకు తుడుచుకుంది.

అరుగు మీద ఆకు నములుతూ ఇదంతా చూస్తున్నది మా జేజి, నాయనను కన్నతల్లి. ఆమెకు కోడలంటే ప్రాణమని చెప్తే పచ్చి అబద్ధం. అమ్మ చేసిన సంగటికి వంక, ఊడ్చిన వాకిలికి వంక, చివరికి అమ్మ దగ్గినా వంకే. అట్లాంటి మనిషి లేచి వచ్చి, చీర ఇంకో కొస అందుకుని, బొటనవేలు నాలుకకు తడుపుకుని గట్టిగా రుద్దింది. వేలు మా అందరి ముందూ ఎత్తి చూపించింది.

"సున్నమంట సున్నం! ఇది కట్టుకోని కుండలు మోస్తే, చిందే నీళ్ళకి దారంతా వసంతాలాడినట్టు ఉంటాది. కాళ్ళకు చెప్పుల్లేనోడు కూడా ఇంతకన్నా మంచి చీర పెడతాడు చెల్లెలికి."

దానమిచ్చిన ఆవుకు పళ్ళు లెక్కబెట్టకూడదని నాయన సణిగాడు. జేజికి అరికాలి మంట నెత్తికెక్కింది. లేనోడు బక్క ఆవును ఇస్తే కళ్ళకద్దుకుంటానని, ఉన్నోడు ఒట్టిపోయిన దాన్ని తోలి పుణ్యం మూట కట్టుకుంటానంటే మాత్రం పళ్ళే కాదు, దాని తోకవెంట్రుకలు కూడా లెక్కబెడతానని అరిచింది. కొన్న అంగట్లోనే మార్చుకొస్తానని పెట్టె అందుకుంటే అమ్మ అడ్డం వచ్చింది.

"వద్దత్తా. అన్నకు తెలిస్తే నాకు పుట్టిల్లు లేకుండా పోతాది."

"ఉండేదెంతో ఈ చీరలోనే కనపడతాంది కదమ్మీ" అంది జేజి. కానీ అమ్మ ముఖం చూశాక గొంతు తగ్గించి, అంగట్లో ఆయన పేరు ఎత్తనని మాట ఇచ్చింది. ఆ చీర కట్టుకుంటే నలుగురిలో తల వంచుకోవాలి, మార్చిన సంగతి బయటపడితే అన్న గడప తొక్కే దారి మూసుకుపోతుంది. మా అమ్మ ఇరుక్కున్నది ఆ రెండింటి మధ్య.

జేజికి చదువు రాదు. పెట్టె మీద అంగడి పేరు చదవడానికి నన్ను వెంటబెట్టుకుని కదిరి బస్సెక్కింది. మంచి అంగడే అది. లోపల పొడుగ్గా పరుపు వేసి, మీద మల్లెపూవు లాంటి తెల్ల దుప్పటి పరిచారు. దాని మీద షావుకారు, ఆయన చుట్టూ చీరలు. మనిషిని కాళ్ళ నుంచి చూడటం మొదలుపెట్టే చూపు ఒకటుంటుంది. షావుకారు జేజి చెప్పులు చూశాడు, తెగిన వారుకు పెట్టిన పిన్నీసు చూశాడు. అంతటితో ఆయన చూడటం అయిపోయింది. ముఖం దాకా రాలేదు.

అప్పటికే ఎవరో పెళ్ళివాళ్ళు పరుపు ముందు కూర్చుని ఉన్నారు. చుట్టాలకు పెట్టడానికి చీరలు తీయిస్తున్నారు. వాళ్ళకు చల్లటి రంగునీళ్ళ సీసాలు, మాకు గడప బయట ఎండ. చాలాసేపటికి మా వంతు వచ్చింది. జేజి పెట్టె తెరిచి, రంగు పోతుంది, మార్చి ఇమ్మని మర్యాదగానే అడిగింది. ఆయన చీర ముట్టుకోలేదు. వేలితో పసుపు మరకను చూపించాడు.

"పసుపు పెట్టినాక వాపస్ ఎట్లా తీసుకుంటారు? బిల్లు యాడ?"

"పెట్టిన చీరకు బిల్లు చుట్టి ఇస్తారా యాడన్నా?"

అయితే పెట్టినవాళ్ళెవరో చెప్పమన్నాడు. మామ పేరు నా నాలుక చివర ఉంది. అది చెప్తే ఈ షావుకారు పరుపు దిగి వచ్చి నిలబడతాడని ఆ వయసులోనే నాకు తెలుసు. నోరు తెరవబోయేసరికి జేజి నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. పేరు చెప్పకపోయేసరికి షావుకారుకు ధైర్యం వచ్చింది. పెట్టెదేముంది, ఎవరైనా సంపాదించుకోవచ్చన్నాడు. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడక ఏమవుతుందని, మా నాయన అన్న మాటే అన్నాడు. ఇట్లాంటి సరుకు తన అంగట్లో ఉండనే ఉండదని పెళ్ళివాళ్ళ వైపు తిరిగి నవ్వాడు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. డబ్బు ఉన్నవాడు నవ్వితే తోడు నవ్వేవాళ్ళకు ఎక్కడా కరువు ఉండదు. మా అనంతపురంలో కూడా ఆ ఒక్క కరువు లేదు.

జేజి వాదించలేదు. ఇంట్లో చీమను కూడా తిట్టకుండా వదలని మనిషి అట్లా మాట పడి ఊరుకోవడం చూసి నాకు ఏడుపొచ్చింది. ఆమె మెల్లగా పరుపు అంచున చతికిలబడి, ఎండలో వచ్చినాము, కడివెడు కాకపోయినా గుక్కెడు నీళ్ళు ఇప్పించమంది. మా సీమలో ఎంత పీనాసి అయినా దాహమన్నవాళ్ళకు లేదనడు. షావుకారే కూజాలోంచి చెంబులోకి వంచి ఇచ్చాడు.

జేజి చెంబు ఎత్తి సగం తాగింది. మిగిలిన సగం, చీరలో పసుపు తగలని కొస మీద పోసింది. ఆ కొసను తెల్ల దుప్పటి మీద పెట్టి, సంగటి ముద్ద ఒత్తినట్టు అరచేత్తో ఒత్తింది. చెయ్యి తీసేసరికి దుప్పటి మీద ఎర్రటి మరక. అది చూస్తుండగానే పక్కలకు పాకింది.

"ఈ నీళ్ళు నీవేనప్పా. దీంట్లో సున్నం కలిపినావేమో చూడు."

ఎవరూ నవ్వలేదు. పెళ్ళివాళ్ళలో పెద్దావిడ చేతిలో ఉన్న చీర సరిగ్గా అదే, అదే కుంకుమ రంగు, అదే అంచు. వాళ్ళు తీసిన కుప్పలో ఇంకా కొన్ని ఉన్నాయి. ఆవిడ దాన్ని పాము కరిచినట్టు కింద పడేసి, చెంబు ఇటు ఇమ్మని చెయ్యి చాచింది. షావుకారు గభాలున లేచి చెంబు అందుకున్నాడు. పసుపు పెట్టింది వాపస్ తీసుకోననే నియమం ఏమైందో ఏమో, జేజి ఒక్కసారిగా "పెద్దమ్మా" అయిపోయింది. నాకు కూడా రంగునీళ్ళ సీసా వచ్చింది. జేజి నా చేతిలోంచి తీసుకుని తిరిగి పరుపు మీద పెట్టేసింది.

ఇష్టమైంది తీసుకొమ్మని పట్టుచీరలు ముందు పరిచాడు. జేజి వాటి వైపు చూడలేదు. ఎర్ర చీర ధర అడిగి, అంతే ధరకు వచ్చే పచ్చటి నేతచీర ఒకటి ఏరింది. దాని కొస కూడా తడిపి చూసి, రంగు నిలిచాకే సంచిలో పెట్టుకుంది. మా సొమ్ము నీకొద్దు, నీ సొమ్ము మాకొద్దు అని చెప్పి అంగడి దిగింది. ఇంటికొచ్చి ఆ చీర అమ్మ ఒళ్ళో పడేసి, పుట్టినింటోళ్ళ కన్నా అంగడోడే నయమని ఒక పోటు పొడిచి మరీ ఇచ్చింది. అమ్మ ఆ రోజంతా ఆ చీరను తడుముతూనే ఉంది.

పెళ్ళినాడు అమ్మ పచ్చచీర కట్టుకుని కుండలు తలకెత్తుకుంది. మేళం ముందు నడుస్తోంది. మామ ఇంటి వాకిట్లోకి వచ్చామో లేదో అత్త ఎదురొచ్చి ఆపింది. మేము పెట్టిన చీర ఏదని, కట్టుకునేంత మంచిగా కనపడలేదా అని, నలుగురూ వినేటట్టు అడిగింది. అమ్మ తల మీద కుండలను రెండు చేతులా పట్టుకుంది. మామ పక్కనే ఉండి గడియారం చూసుకుంటున్నాడు. జేజి గుంపును తోసుకుని ముందుకు వచ్చింది. ఆమె ముఖం చూస్తే నాకు తెలిసిపోయింది, ఇన్నాళ్ళు దాచుకున్నదంతా ఇప్పుడు దులిపేస్తుంది. నేను సంబరంగా ఎదురుచూశాను.

అప్పుడే మా అవ్వ, అంటే అమ్మను కన్నతల్లి, కుండలు తెచ్చినవాళ్ళ కాళ్ళు కడగడానికి బిందె మోసుకుంటూ వచ్చింది. ఆమె ఒంటి మీద కుంకుమ రంగు చీర. అదే అంచు. బిందె నీళ్ళు చిందినచోటల్లా చీర తడిసి, రవిక చేతులు, మోచేతులు, అరచేతులు, పాదాలు అన్నీ ఎర్రగా అయి ఉన్నాయి. కట్టుకున్నప్పటి నుంచి పోతూనే ఉన్నట్టుంది. ఎవరో చేతులు చూసి ఏమైందని అడిగితే, గోరింటాకు పెట్టుకున్నానని నవ్వింది.

చెల్లెలి వరకేనేమో అనుకున్నాం మేము. కన్నతల్లికీ అదే పెట్టాడు.

అత్త దారి ఇచ్చి పక్కకు తప్పుకుంది. మామ ఒకసారి తల్లి చేతుల వైపు చూసి, మళ్ళీ గడియారం వైపు చూసుకున్నాడు. జేజి నోరు తెరిచినదల్లా మూసుకుంది. మా జేజి మాటను నిజంగా మింగడం నేను చూసింది అదొక్కసారే. ఆమె అవ్వ చేతిలోంచి బిందె దించి, పక్కకు తీసుకుపోయి, కూర్చోబెట్టి చేతులు కడిగింది. ఎంత కడిగినా గోళ్ళ సందుల్లోది పోలేదు. ఈ చీర నాకియ్యి వదినా, అంగడోడు మార్చి ఇస్తాడు, వాడి దారి నాకు తెలుసని చెవిలో చెప్పింది.

"వద్దులే వదినా. నా కొడుకు పెట్టినాడు" అంది అవ్వ. "ఉతికే కొద్దీ పోతాదిలే."

అవ్వ ఆ చీరను ఎన్నాళ్ళు కట్టుకుందో నాకు తెలుసు. రంగు పూర్తిగా వెలిసి, వక్కపొడి రంగుకు తిరిగేదాకా కట్టుకుంది. మామ ఆ తర్వాత ఇంకా పెద్దవాడయ్యాడు. ఎండాకాలం వస్తే కదిరిలో చలివేంద్రం పెట్టించేవాడు. నీళ్ళ కుండల కన్నా పెద్దది పైన ఆయన బొమ్మ. అవ్వ పోయినప్పుడు పాడె మీద ఖరీదైన పట్టుచీర కప్పాడు. జనం ఆహా అన్నారు. నాకు మాత్రం నవ్వొచ్చింది, కోపమొచ్చింది, రెండూ ఒకేసారి వచ్చాయి. ఆ చీరను వాపస్ చేయడానికి అవ్వకు చేతులు లేవు కదా.

నాకు ఎవరైనా చీర పెడితే ఇప్పుడు నేను కొస తడిపి చూడను. ఎట్లాంటిదైనా తీసుకుంటాను, కట్టుకుంటాను. కానీ మా ఇంట్లో పనిచేసే ఆమెకో, చుట్టాల ముసలావిడకో ఒక చీర కొనాలంటే మాత్రం అంగట్లో కూర్చుని నీళ్ళు అడుగుతాను. నా పిల్లలకు సిగ్గు, అంగడివాళ్ళకు నవ్వు. నవ్వితే నవ్వనీ. కొసను తడిపి, పిండి, ఆ నీళ్ళను అరచేతిలో పట్టి వెలుతురుకు చూస్తాను. తెల్లగా ఉంటేనే కొంటాను.